పంపరపనస వెంట పరుగు

2024 సెప్టెంబరు 17. ఖైరతాబాద్ గణపతి, డెబ్బై అడుగుల స్వామి, ట్యాంక్‌బండ్ దారి పట్టిన రోజు. ఏటా ఆ జనంలో చెమటలు కక్కుకుంటూ ఉండే నేను, ఈసారి హాంకాంగ్‌లో టిన్ హావ్ మెట్రో స్టేషన్ బయట చెమటలు కక్కుకుంటున్నాను.

"బెంగ పెట్టుకోకు మామయ్యా, ఇక్కడా ఇవాళ ఊరేగింపే. కాకపోతే ఇక్కడి దేవుడు పరిగెత్తుతాడు" అన్నాడు మా మేనల్లుడు.

వాళ్ల ఎనిమిదో నెల పున్నమి పండగ ఆ ఏడు సరిగ్గా మన నిమజ్జనం నాడే వచ్చింది. చేతిలో మూన్‌కేక్ డబ్బాలతో జనం ఎటు పోతుంటే మేమూ అటే నడిచాం. చేరాల్సిన పేట తాయ్ హాంగ్. అంటే పెద్ద కాలువ అని అర్థం. ఒకప్పుడు కొండ మీది నీళ్లు ఇక్కడి నుంచే సముద్రంలోకి పోయేవి, ఊళ్లో ఆడవాళ్లు ఆ ఒడ్డునే బట్టలు ఉతికేవాళ్లు. ఇప్పుడు కాలువ కనిపించదు. బట్టలుతికిన గుర్తుగా వున్ షా వీధి అన్న పేరొక్కటే మిగిలింది. కార్ల మరమ్మతు షెడ్లు, వాటి పక్కనే కాఫీ దుకాణాలు, పైన ఆకాశాన్ని కప్పేసిన అపార్ట్‌మెంట్లు. ఇంత ఇరుకులో మావాడు చెప్పిన ఆ పరిగెత్తే దేవుడు, 67 మీటర్ల డ్రాగన్, ఎలా తిరుగుతుందో నాకు అంతుపట్టలేదు.

ఈ డ్రాగన్ కథ 1880 నాటిది. అప్పుడిది హక్కా జనం ఉండే పల్లె. పెద్ద తుపాను వచ్చింది. ఆ తర్వాత ఊరివాళ్లు ఒక కొండచిలువను చంపారు. తెల్లారేసరికి దాని శవం మాయమైంది. వెనకాలే మహమ్మారి వచ్చి పడింది. ఒక పెద్దాయన కలలో బుద్ధుడు కనబడి, పున్నమి పండగకు నిప్పుల డ్రాగన్‌ను ఆడించి టపాకాయలు కాల్చమన్నాడట. మూడు రాత్రులు ఆడించారు, రోగం పోయింది. టపాకాయల్లోని గంధకమే పనిచేసిందని చెప్పేవాళ్లూ ఉన్నారు. లష్కర్ బోనాల వెనకున్న కలరా కథ వింటూ పెరిగిన నాకు ఆ గంధకం అక్కర్లేదు.

వీధి మలుపులో, తాడు కట్టిన హద్దుకు అవతల, డెబ్బై దాటిన ఒకాయన చిన్న ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. తెల్ల బనీను, మెడలో తడి తువ్వాలు. ఎదురుగా పెట్టెల నిండా ఊదుబత్తీలు. మనం దేవుడి దగ్గర వెలిగించేవి వీటి ముందు చీపురుపుల్లలు. పక్కన తామరపువ్వు లాంతరు పట్టుకుని పదేళ్ల మనవరాలు నిలబడి ఉంది. ఇంగ్లీషు గలగలా మాట్లాడుతోంది, ఆ రాత్రికి మాకు దుబాసీ ఆ పిల్లే. పెద్దాయనను మావాడు "సీఫూ" అని పిలిచాడు. కాంటనీస్‌లో పని తెలిసినవాణ్ని, వంటవాడైనా డ్రైవరైనా, అలాగే పిలుస్తారట. మన మేస్త్రీ, ఉస్తాద్ కలిస్తే ఆ మాట అవుతుందేమో.

సీఫూ ఒకప్పుడు డ్రాగన్ తల మోసినవాడు. తల ఒక్కటే 48 కిలోలు. పేము బెత్తాలతో అల్లిన చట్రం, కళ్ల స్థానంలో టార్చిలైట్లు, రంపపు పళ్లలా కోసిన రేకు కోరలు. మోకాళ్లు మొరాయించాక పెద్దాయన ఒళ్లు కట్టే పనికి, బత్తీల దగ్గరికి మారాడు. ఒళ్లంటే ఏం లేదు, పొడవాటి తాడు చుట్టూ బిగించిన ఎండుగడ్డి. ముత్యాల గడ్డి అంటారట దాన్ని.

మిగిలిపోయిన గడ్డికట్ట ముక్క ఒకటి నా చేతిలో పెట్టి, వేలితో పొడవమని సైగ చేశాడు. పొడిచాను. గోరు దిగింది, వేలు దిగలేదు. పెద్దాయన తలాడించాడు. ఇంకాస్త వదులైతే పరుగులో బత్తీలు రాలిపోతాయి, ఇంకాస్త బిగిస్తే గుచ్చేటప్పుడు పుల్ల విరుగుతుంది. ఆ కొలత చెప్పడానికి ఆ పిల్ల దగ్గర ఇంగ్లీషు మాట లేకపోయింది. తాత వేలు చూపించి ఊరుకుంది.

"ఎన్నేళ్ల డ్రాగన్ ఇది?" అని అడిగాను. సీఫూ నవ్వాడు.

"ఇంకా నెల కూడా నిండలేదట" అంది పిల్ల. "రేపు రాత్రి ఆట అయ్యాక సముద్రంలో వేసేస్తారు."

ఏడాదికో ఒళ్లు. ఈ ఆట 2011లో చైనా జాతీయ వారసత్వ జాబితాకెక్కింది, 2022లో ఇదే పేటలో దీనికోసం ఒక ప్రదర్శనశాల కూడా తెరిచారు. ఎక్కితే ఎక్కింది గానీ, నిండా నెల బతకని వస్తువును అద్దాల పెట్టెలో ఎలా దాస్తారు? జపాన్ ఆక్రమణలో ఆట ఆగింది, కోవిడ్‌లో ఆగింది. ఆ ఏళ్లలో డ్రాగన్ ఎక్కడుందంటే, ఇదిగో, ఈ వేలి కొసన ఉంది.

ఎనిమిది దాటాక డప్పులు మొదలయ్యాయి. ఎక్కడెక్కడి కుర్రాళ్లో బిలబిలమని వచ్చి, నిప్పంటించిన బత్తీలను కట్టలుకట్టలుగా అందుకుని గడ్డిలో గుచ్చడం మొదలెట్టారు. సీఫూ కట్టను మంటలో పెట్టి, తీసి, ఒక్క విదిలింపు విదిలించేవాడు. మంట ఆరి, కొసల్లో కణకణలాడే నిప్పు మాత్రం మిగిలేది. ఆయన ముంజేతుల నిండా మినపగింజలంత నల్లమచ్చలు.

వీధి దీపాలు ఆరిపోయాయి. ముందు లాంతర్ల పిల్లలు, ఆ వెనక పొడవాటి కర్రల మీద రెండు ముత్యాలు. ముత్యాలంటే పంపరపనస కాయలు! ఒళ్లంతా బత్తీలు గుచ్చుకుని ముళ్లపందుల్లా ఉన్నాయి. వాటిని తరుముతూ తల, తల వెనక 32 ముక్కల ఒళ్లు. బొమ్మల్లో చూసిన పట్టు పొలుసుల డ్రాగన్ కోసం వెతికితే అక్కడ లేదు. నిజం చెప్పాలంటే మొదట నాకేమీ కనబడలేదు. పొగ, కళ్లలో నీళ్లు, చెవుల్లో డప్పు. కదలకుండా ఉన్నంతసేపు అది మండుతున్న గడ్డిమోపు, అంతే. పరుగందుకుంది చూడండి, అప్పుడు పాకింది, వంపు తిరిగింది, జిలేబీ చుట్టలా తనను తానే చుట్టుకుంది. మా ముందు నుంచి జానెడు దూరంలో దూసుకుపోయినప్పుడు జనమంతా ఒక్కసారి "ఓ" అని వెనక్కి జరిగారు. ఎవరి కాలో నా కాలి మీద పడింది.

బత్తీలు సగం కాలాక ఆపి, వాటిని లాగేసి కొత్తవి గుచ్చారు. లాగినవాటిని జనానికి పంచారు. శుభమట. నిమజ్జనం రోజు లడ్డూ ముక్క కోసం చాచినట్టే చెయ్యి చాచాను. ఒకటి దక్కింది. ఆర్పి జేబులో పెట్టుకున్నాను.

మర్నాడు ఉదయమే నా విమానం. మూడో రాత్రి మావాడు ఫోన్‌లో ఒక ఫొటో పంపాడు. చీకట్లో నీళ్లు, నీళ్ల మీద నల్లగా ఒక వంపు, ఒడ్డున తామర లాంతరు ఒకటి. టీవీలో ఇంకా ట్యాంక్‌బండ్ క్రేన్లే చూపిస్తున్నారు.

"చొక్కా భుజం మీద ఈ చిల్లేమిటండీ?" అంటోంది మా ఆవిడ, బట్టలు నానబెడుతూ. మినపగింజంత ఉంది.