గుడి బయట పలక

మా నాయన పలకను పొయ్యిలో పెట్టి కాల్చేసిన నాటికి నేనింకా పుట్టలేదు. మా అమ్మ చెప్పంగా విన్నదే. మాది సత్యవేడు పక్కన ఒక పల్లె. 1960 దాకా ఈ సీమ మద్రాసు రాష్ట్రంలో ఉండింది, ఆ తర్వాత చిత్తూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. ఊతుకోట బస్సెక్కితే కొంచేపట్లో తమిళనాడు. అందుకే మా మాటలో అరవం కలుస్తుంది, పాటలో ఇంకా ఎక్కువ కలుస్తుంది. జిల్లాలు ఎన్ని మారినా ఊరు ఒక పక్క, మా మాదిగపల్లె ఒక పక్క. అది మారలేదు. లోకమంతా డప్పు అనేదాన్ని మా వైపు పలక అంటారు.

మా తాత ఎట్టి మనిషి. ఊర్లో ఎవురు చచ్చినా పలక, గంగమ్మ జాతరకు పలక, సాటింపుకు పలక. దానికి కూలీ అని లేదు. కల్లం కాడ నిలబడితే మేర కింద పోసే గింజలు, సావింట్లో మిగిలిన కూడు. తాత తర్వాత అది మా నాయన భుజానికొచ్చింది. అప్పటికి కొత్తగా పెళ్లయింది. ఒక రోజు జొరంతో పడుకోనుంటే ఊర్లోంచి మనిషొచ్చి పిలిచినాడు. నాయన పోలేదు. మర్నాడు రచ్చకాడ నిలబెట్టి అడిగినారు. ఏమడిగినారో, ఏం చేసినారో ఆయన ఇప్పటికీ చెప్పడు. ఇంటికొచ్చి పలకను పొయ్యిలోకి తోసినాడు. మా అమ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా, తోలు కాలిన వాసన మూడు దినాలు ఇల్లు వదల్లేదంటుంది.

ఆ ఆదివారం నాయన పోయి గుడిలో కూర్చున్నాడు. గుడి అంటే చర్చి. పెంకులు కప్పిన ఒక గది, ముందర చింతచెట్టు. సూళ్లూరుపేట, నాయుడుపేట దిక్కుకు 1860లలో జర్మనీ నుంచి హెర్మన్స్‌బర్గు మిషనువాళ్లు వచ్చినారు. వాళ్ల తర్వాత ఎందరో వచ్చినారు. మా గుడి ఏ మిషనుదో నేను రాయను, ఇప్పుడుండే అయ్యగారికి ఇబ్బంది. ఆ చాప మీద నాయన కాళ్లు మడుచుకుని గంటన్నర కూర్చున్నాడంట. పాటకు, ప్రార్థనకు తప్ప ఇంకెవురికీ లేచి నిలబడే పని లేదు. నాకు తెలిసి ఆయన భక్తి అక్కడ మొదలైంది.

నేను పెరిగింది ఆ చాప మీదే. అయ్యగారికి చాలా పల్లెలు, నెలకొకసారి వచ్చేవాడు. మిగతా ఆదివారాలు ఉపదేశి. ఆరాధన క్రమం పుస్తకం, హార్మోనియం పెట్టె, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. మా అవ్వకు ఒక అక్షరం రాదు గాని పాట నెంబరు చెప్తే చాలు, చరణాలన్నీ వరసగా పాడేది. నేను బళ్లో చేరకముందే నాకు తెలుగు గ్రాంథికం నేర్పింది మా అవ్వే అని ఇప్పుడు నా పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు అనిపిస్తుంది.

డిగ్రీ తిరుపతిలో, ఎం.ఏ. హైదరాబాదులో చదివి, 2018 డీఎస్సీలో టీచరు ఉద్యోగం తెచ్చుకుని నేను ఇంటికి తిరిగొచ్చేసరికి గుడిలో పది పన్నెండు మంది ముసలమ్మలు, నలుగురు ముసలాయనలు, మాలాంటి ఉద్యోగస్తులు ఒకరిద్దరు. అవ్వ చాపలో చోటు ఖాళీ. కుర్రోళ్లు ఏరీ అంటే శ్రీసిటీ అన్నారు. 2008లో అది వచ్చినప్పటి నుంచి మా పక్క పిల్లలు తెల్లారక ముందే కంపెనీ బస్సెక్కుతారు. ఆదివారం షిఫ్టు పడితే పది గంటల ఆరాధనకు ఎట్లా వస్తారు? ఈ సంగతి సంఘపెద్దలెవురూ ఆలోచించలేదు. 'లోకం పిలిస్తే పోయినారు' అని తేల్చేసినారు.

మా తమ్ముడు మాత్రం షిఫ్టు లేని ఆదివారం కూడా మా గుడికి రాడు. రోడ్డు మీద రేకుల షెడ్డులో పెట్టిన ప్రార్థన మందిరానికి పోతాడు. కీబోర్డు, ప్యాడ్లు, పెద్ద బాక్సులు. అందరూ లేచి చప్పట్లు కొడతారు. "మన గుడిలో పాట ఎత్తుకుంటే నాకు నిద్రొస్తాదిక్కా" అన్నాడు. కోపమొచ్చింది గాని, నాకూ అప్పుడప్పుడు వచ్చేది.

నా మనసులో వేరే ఉండింది. హాస్టల్లో నేను చదివిన పుస్తకాలు అట్లాంటివి. 1985 కారంచేడు, 1991 చుండూరు, 1994లో మొదలైన దండోరా. అవమానంగా మోసిన డప్పును జనం తలెత్తుకుని భుజానికేసుకున్నారని చదివితే ఒళ్లు పులకరించేది. మధురై అరసరడి వేదాంత కళాశాలలో థియోఫిలస్ అప్పావు అనే ఆయన పల్లెజనం బాణీలతో ఆరాధన కట్టినాడనీ, పరైని దేవుని ముందుకు తెచ్చినాడనీ ఊతుకోటలోని మా చిన్నాయన చెప్పినాడు. అప్పావు 2005లో చనిపోయినాడు, పాటలు మాత్రం అరవదేశంలో ఉన్నాయి. అరవోళ్ల పరై, మా పలక అన్నదమ్ములే. వాళ్లకు అయింది మాకెందుకు కాదు అనుకున్నాను.

సంఘం మీటింగులో లేచి చెప్పినాను. గుడిలోకి పలక తెద్దాం, మన బాణీలో పాడదాం, పిల్లలు వస్తారు అని. ఒక పెద్దాయన "దయ్యాల కాడ కొట్టేది దేవుని కాడనా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు రెడీగా ఉండింది. మీరు పవిత్రం అనుకునే హార్మోనియం ఫ్రాన్సులో పుట్టింది, కలకత్తాలో రూపం మార్చుకుంది. మన కీర్తనల్లో ఎన్నో రాసిన పురుషోత్తమ చౌదరి 1803లో పుట్టి 1890 దాకా బతికినాడు. ఆయన రాగాలు, తాళాలు యాడ నుంచి వచ్చినాయి? కచేరీల నుంచి, భజనల నుంచి కాదా? దొరల బాణీ వచ్చింది, పైకులాల రాగం వచ్చింది. మనం పుట్టినప్పటి నుంచి విన్న మోత ఒక్కటే లోపలికి రాలేదు. ఇట్లా మాట్లాడినాను. ఇప్పటికీ ఆ మాటలో తప్పుందని అనుకోను.

నాయన కూడా సంఘపెద్దే. ఒక్క మాట మాట్లాడకుండా లేచి, కండువా దులుపుకుని వెళ్లిపోయినాడు.

రాత్రి అన్నం దగ్గర అడిగినాను. "నువ్వు పుస్తకంలో చూసిన పలక వేరేమ్మా. నేను మోసిన పలక వేరే. దాన్ని ఇడిసిపెట్టేదానికే నేను గుడికి పోయింది. నువ్వు దాన్ని ఆడికే తెస్తానంటావు" అన్నాడు.

దొరలు వద్దన్నారు కాబట్టి మావాళ్లు పలకను వదిలేసినారని నేను అనుకుంటూ ఉన్నాను. నా పుస్తకాలు నాకు అట్లనే నేర్పినాయి. మా నాయనను ఏ దొరా వద్దనలేదు, ఆయన పుట్టేనాటికి దొరలు పోయి ఏండ్లయింది. ఆయన తనకు తానే వదిలించుకున్నాడు. అది ఆయన సొంత తిరుగుబాటు. దాన్ని నేను మిషనరీల ఖాతాలో రాసినాను.

పోనీ కుర్రోళ్లయినా నా పక్కనున్నారా? తమ్ముడు నవ్వినాడు. "మా లైన్లో ఎవురికీ నా కులం తెల్దక్కా. పలక కొట్టేది ఎవుడన్నా ఫోన్లో తీసి పెడితే రేపు క్యాంటీన్లో నాతో కూర్చుంటారా?" కీబోర్డుకు కులం లేదు. అందుకే వాడికది ఇష్టం. ముసలోళ్లకూ వద్దు, పడుచోళ్లకూ వద్దు. పలక కావాలనుకుంది మధ్యలో చదువుకున్న నేనొక్కదాన్నే.

2023 నవంబరులో హైదరాబాదు హాస్టల్లో నా గదిలో ఉండిన తాండూరు స్నేహితురాలు ధారూరు జాతరకు రమ్మని పిలిచింది. వికారాబాదు దగ్గర మెథడిస్టుల జాతర అది. 1923లో మొదలైందంటారు, అంటే నేను పోయింది నూరేళ్ల జాతరకు. తెలంగాణలో మెథడిస్టులు రెండు రకాలు. బ్రిటన్ నుంచి వచ్చిన వెస్లియన్ల సంఘాలు, 1924లో మెదక్ గుడిని ప్రతిష్ఠించినవాళ్లు, 1947లో సి.ఎస్.ఐ.లో కలిసిపోయినారు. అమెరికా వాళ్ల సంఘాలు కలవలేదు, 1981లో మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియాగా తమ కాళ్ల మీద నిలబడినాయి. ధారూరు వీళ్లది.

మైదానం నిండా గుడారాలు. మూడు రాళ్ల పొయ్యిలు, కుండల్లో మాంసం కూర. తెల్లారక ముందే ఒక పక్క ముసలివాళ్లు పాత కీర్తన ఎత్తుకున్నారు. రాత్రి పెద్ద వేదిక మీద కీబోర్డు, పిల్లల గంతులు. రెండిటికీ నడుమ మా గుడారం వెనక ఎవరో డప్పు కాచి దరువేస్తే ఆడవాళ్లు చుట్టూ తిరిగి పాడినారు. ఒకరి పాట ఇంకొకరు మెచ్చుకోవాలని ఎవరూ పట్టుబట్టలేదు. వద్దనుకున్నవాళ్లు తమ గుడారంలో పడుకున్నారు. స్నేహితురాలి అమ్మను అడిగితే, "పోచమ్మ జాతర ఇడిసిపెట్టినోళ్లకు ఏదో ఒక జాతర గావాలె గద బిడ్డా" అన్నది. 1739లో జాన్ వెస్లీ కింగ్స్‌వుడ్ బొగ్గుగని కూలీల కోసం గుడి వదిలి బయట మైదానంలో నిలబడినాడని చదివినాను. ఈమె అది చదవలేదు, చదవాల్సిన అవసరమూ లేదు.

రైల్లో తిరిగొస్తూ ఆలోచించినాను. నేను చేసిన తప్పు పలకను అడగడం కాదు. ఆదివారం పది గంటలకు, గుడి లోపల, అందరి మీదా దాన్ని రుద్దాలనుకోవడం.

మరుసటి ఏడాది కోతల పండుగ ఆరాధనను సాయంత్రం, గుడి బయట చింతచెట్టు కింద పెట్టినాము. ఫస్టు షిఫ్టు పిల్లలు బస్సు దిగి నేరుగా రావచ్చునని. మొదట అవ్వలు. వాళ్లను పాట పుస్తకం తేవద్దన్నాను. కొంచేపు బిగుసుకోని కూర్చున్నారు. తర్వాత ఒకామె నాటు పాట బాణీలో రూతు కథ ఎత్తుకుంది. అత్తను వదలకుండా వచ్చిన కోడలు, పరాయి చేలో పరిగె ఏరుకోవడం. పరిగె ఏరని ఆడది మా పల్లెలో లేదు. మిగతావాళ్లు వంత కలిపినారు. ఇన్నేండ్లు ఆ పాట యాడుండిందో నాకు తెలీదు. తర్వాత మా తమ్ముడు అద్దెకు తెచ్చిన కీబోర్డు. ముసలమ్మలు రెండు పాటలకు చప్పట్లు కొట్టి మూడోదానికి చెవులు మూసుకున్నారు.

పలకకు పిచ్చాటూరు వైపు నుంచి మా అత్త కొడుకు వచ్చినాడు. పెళ్లిళ్లకు, మీటింగులకు రేటు మాట్లాడుకుని వాయించే మనిషి. గడ్డి మంటేసి తోలు కాస్తా ఉంటే నాయన దూరంగా కూర్చుని చూస్తా ఉన్నాడు. ఉండుండి లేచి దగ్గరకు పోయినాడు. వేలితో ఒకసారి తట్టి, "ఇంకా బిగీలేదురా, కాచు" అని చెప్పి మళ్లీ పోయి కూర్చున్నాడు. పుల్ల మాత్రం ముట్టలేదు.

ఫోటోలు, వీడియోలు వద్దని ముందే అందరికీ చెప్పింది నేనే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపినారు, మమ్మల్ని కలపలేదు. ఆంధ్రలో మాకు బీసీ-సి, ఒక శాతం. గుడి మారినా ఊరికి మేము మాదిగోళ్లమే, కాగితానికి మాత్రం కాము. నా సర్టిఫికెట్టులో ఏముందో ఇక్కడ రాయను. ఎందుకు రాయనో ఈ పుస్తకం చదివేవాళ్లకు తెలుసు. పాటలో సగం మంది ముఖాలు దాచుకోవాల్సి వచ్చే సంఘానికి కొత్త బాణీ ఒక్కటే ఏం ఊపిరి పోస్తుందని ఆ రాత్రి నాకు అనుమానమొచ్చింది.

నాలుగో రోజు ఊర్లోంచి మోటారుసైకిల్ మీద ఒకాయన వచ్చినాడు. మా నాయన కంటే ఇరవై ఏండ్లు చిన్న. బండి దిగలేదు. "ఏందిరా, పలకలు మళ్లీ మొదలుపెట్నారంట గదా. రేపు మా పెద్దాయన ఎత్తుబడి. నలుగుర్ని పంపీ" అన్నాడు.

నేను వాకిట్లో పిల్లల నోటు పుస్తకాలు దిద్దుతా ఉన్నాను. నోట్లో తడారిపోయింది. నేను తెచ్చిన మోత ఊరికి ఈ రకంగా వినిపించింది.

నాయన మంచం మీంచి లేవలేదు. "అది గుడి పలకబ్బా. సావుకు రాదు. సత్యవేడులో సెట్లుండాయి, రేటు కనుక్కో" అన్నాడు. ఆయన కొంచేపు చూసి, బండి తిప్పుకుని పోయినాడు. నాయన చేతులు వణకడం నేను చూసినాను. ఆ రాత్రి ఇద్దరమూ నిద్రపోలేదు. "చూస్తివా" అని ఒక్క మాటన్నాడు. నేను తలొంచుకున్నాను.

తర్వాతి మీటింగులో పలక ఇంక వద్దంటాడనుకున్నాను. మూడు నెలలకొకసారి బయటి ఆరాధన పెట్టేదానికి ఒప్పుకున్నారు. షిఫ్టు పిల్లల కోసం నెలలో ఒక ఆదివారం ఆరాధనను సాయంత్రానికి మార్చినారు. పలక మాటకొచ్చేసరికి నాయన లేచినాడు. పలక గుడి డబ్బుతో కొనాలి, గుడి దాటి పోకూడదు, ఏ మనిషి ఇంట్లోనూ ఉండకూడదు అన్నాడు. సత్యవేడు బజారులో చందాలేసి కొన్నాము. ప్రభురాత్రి భోజనం గిన్నెలు పెట్టే బీరువాలో కింది అరలో పెట్టినారు. దయ్యాల మాటన్న పెద్దాయన గొణిగినాడు గాని అడ్డం రాలేదు.

తమ్ముడు అప్పటి నుంచి మూడుసార్లు వచ్చినాడు, మిగతా ఆదివారాలు రేకుల షెడ్డుకే. బీరువా తాళంచెవి మా నాయన మొలతాడుకు ఉంటుంది. బయటి ఆరాధనకు ముందురోజు ఆయనే తీసి పలకను ఎండలో పెడతాడు, సాయంత్రం తోలు మీద దుమ్ము తుడుస్తాడు. కొట్టమని ఎవరూ అడగరు.