కారు మాత్రం కోయకూడదు

మా క్లాసులో ఎవర్నైనా సస్పెన్షన్ అంటే ఏంటని అడగండి, "స్ప్రింగు, డ్యాంపరు" అని టక్కున చెప్పేస్తారు. పరీక్షకి అది చాలు. డెట్రాయిట్ దగ్గర ఉండే మా మావయ్య 1967 మస్టాంగ్‌కి మాత్రం చాల్లేదు.

మావయ్య మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడ్డ మనిషి. మన కాలేజీల్లో ఇదేం కొత్త కథ కాదు. పక్కింటి పెద్దాయన ఇక నడపలేనని తన కారు మావయ్యకి అమ్మారు. 289 వీ8 ఇంజను, అంటే 4.7 లీటర్లు. పట్టింపు ఉన్నవాళ్లు దీన్ని మజిల్ కార్ అనరు, పోనీ కార్ అంటారు. మా ఇంట్లో అయితే "ఆ పాత కారు", అంతే. తాళాలు ఇస్తూ ఆయన ఒక్కటే అడిగారట: "ఏం మార్చుకున్నా సరే, బాడీ మాత్రం కోయకు."

ఇక రెండో షరతు అత్తయ్యది. ఆవిడకి వెన్ను ఆపరేషన్ అయింది. మిషిగన్‌లో చలికాలం నీళ్లు రోడ్డు పగుళ్లలో గడ్డకట్టి, కరిగి, ఎండలు వచ్చేసరికి గుంతలు మిగులుస్తాయి. ఆ రోడ్డు మీద ఆ కారు ఒక్కసారి ఎక్కి, మళ్లీ ఎక్కనన్నారు. మావయ్యకేమో ఆగస్టులో జరిగే వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌కి ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని వెళ్లాలని కోరిక. 1995 నుంచి ఏటా వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్లన్నీ బారులు తీరే పండగ అది.

"అల్లుడూ, వెనక కాయిలోవర్లు వేద్దామనుకుంటున్నా. ఏవి కొనాలో చెప్పు" అన్నాడు ఫోన్లో. అంటే స్ప్రింగు, దాని మధ్యలోనే డ్యాంపరు, రెండూ కలిసి ఒకే యూనిట్. లెక్క తప్పితే ఇక్కడ పోయేది మార్కులు కాదు, అత్తయ్య నడుము.

నేను మొదట అడిగింది, "కొత్త కమాన్లు వేస్తే పోదా మావయ్యా?" అని. మాది విజయవాడ. ఆటోనగర్‌లో లారీల కింద కమాను కట్టలు చూస్తూ పెరిగినవాణ్ని. మస్టాంగ్ వెనక కూడా అవే, కాకపోతే సన్నవి. ఆ కట్టని మనం స్ప్రింగ్ అనుకుంటాం గానీ, అది ఒక్కటే మూడు ఉద్యోగాలు చేస్తుంది. బరువు మోస్తుంది. యాక్సిల్ ముందుకీ వెనక్కీ పక్కకీ పోకుండా పట్టుకుంటుంది. ఇంజను టార్కుకి యాక్సిల్ మెలి తిరగకుండా ఆపుతుంది. అత్తయ్య కోసం మెత్తటి కమాను వేస్తే, వీ8 యాక్సిలరేటర్ తొక్కగానే అది ఎస్ ఆకారంలో వంగి చక్రాలు టకటకా ఎగురుతాయి. గట్టిది వేస్తే అత్తయ్య ఎక్కరు. పైగా ఆకుల మధ్య రాపిడి వల్ల చిన్న చిన్న గతుకులకి కమాను కదలనే కదలదు, దెబ్బ నేరుగా సీటుకే. ఉద్యోగాలు విడదీస్తే తప్ప ఈ ముడి వీడదు.

కాయిలోవర్ బరువు మాత్రమే మోస్తుంది. మిగతా రెండు ఉద్యోగాలకీ వేరే మనుషుల్ని పెట్టుకోవాలి, అంటే లింకులు. కాబట్టి "ఏ కాయిలోవర్" అనేది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న "యాక్సిల్‌ని ఎవరు పట్టుకుంటారు?"

మూడు దారులు చూశాం. త్రీ-లింక్, పక్కకి పోకుండా పాన్‌హార్డ్ రాడ్: పద్ధతి మంచిదే, 2005 మస్టాంగ్‌లో కంపెనీయే వాడింది. కానీ పాత కారులో పై లింకుకి చోటు కావాలంటే ఫ్లోరు కోయాల్సి వచ్చేట్టుంది. కొట్టేశాం. సమాంతర ఫోర్-లింక్: మేం చూసినదానికి బాడీకి వెల్డింగ్ కావాలి. అదీ కొట్టేశాం. మిగిలింది, పై లింకులు రెండూ ఏటవాలుగా ఉండే ఫోర్-లింక్. ఆ ఏటవాలే యాక్సిల్ పక్కకి జరక్కుండా ఆపుతుంది, పాన్‌హార్డ్ రాడ్ అక్కర్లేదు. కింది లింకులు పాత కమాను ముందు కన్ను ఉన్న చోటే బిగుస్తాయి. కాయిలోవర్ల పై కొసలు, పై లింకులు అదనంగా వచ్చే ఒక అడ్డ దూలానికి. ఈ దూలం తప్పనిసరి. పాత డ్యాంపర్ పై కొస ఉన్న రేకు డ్యాంపర్ కుదుపుకి చేసింది, వెనక బరువంతా మోయడానికి కాదు.

దూలానికి మాత్రం నాలుగు కన్నాలు వేయాలి. మావయ్య ఊరుకోలేదు, పెద్దాయన్నే అడిగాడు. "కన్నం కోత కిందికి రాదు" అని తీర్పు వచ్చింది.

తర్వాత లెక్క. కాటా మీద వెనక యాక్సిల్ బరువు సుమారు 600 కిలోలు. అందులో యాక్సిల్, చక్రాలు 150 తీసేస్తే స్ప్రింగుల మీద ఉండేది 450, ఒక్కో వైపు 225. హాయిగా ఉండాలని 1.5 హెర్ట్జ్ అనుకున్నాం. మన ఫస్టియర్ ఫార్ములాయే: చక్రం దగ్గర మిల్లీమీటరుకి 20 న్యూటన్లు, అమెరికా లెక్కలో అంగుళానికి 114 పౌండ్లు. కాయిలోవర్ నిలువుకి 20 డిగ్రీలు వాలి ఉంటుంది కాబట్టి కాస్ స్క్వేర్‌తో, అంటే 0.883తో భాగిస్తే 129. దొరికేవాటిలో దగ్గరిది 125. షాపులో "200 వేసుకోండి, కారు గట్టిగా నిలబడుతుంది" అన్నారట. వేసి చూస్తే 1.9 హెర్ట్జ్ వస్తోంది. కారుకి బాగానే ఉండొచ్చు, అత్తయ్యకి కాదు.

125కి బరువు పడగానే చక్రం దాదాపు 114 మిల్లీమీటర్లు దిగుతుంది. దిగాక డ్యాంపర్ రాడ్ ప్రయాణం మధ్యలో ఉండేంత పొడుగు యూనిట్ ఎంచుకోవాలి, లేదంటే ప్రతి గుంతకీ అడుగు తగులుతుంది. లింకుల చివర్లకి స్టీలు బేరింగ్ జాయింట్లు వద్దని రబ్బరు బుష్‌లు అడిగాం. రేసుకి స్టీలు మంచిది, కానీ రోడ్డు మోతంతా లోపలికి మోసుకొస్తుంది.

కొనేముందు మావయ్యని కారు కింద పడుకోబెట్టి ఫ్రేమ్ రెయిళ్లు సుత్తితో కొట్టించాను. అక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, తుప్పు లోపలి నుంచి తింటుంది. రెయిలు పుచ్చితే ఎంత ఖరీదైన కిట్ అయినా గాలిలో బిగించినట్టే. అదృష్టం, ఖణేల్‌మంది.

జూన్‌లో బిగించారు. నలభై నిమిషాలు తిప్పితే అత్తయ్య ఒక్కసారే ఆపమన్నారట, అదీ కాఫీకి. పాత కమాన్లు గ్యారేజీలో గోడకి ఆనించి ఉన్నాయి, వాటి బోల్టులతో సహా. కావాలంటే మళ్లీ బిగించుకోవచ్చు.

ఈ మధ్య నన్ను కూడా అందరూ "కోడింగ్ నేర్చుకో" అంటున్నారు. నేర్చుకుంటాను, తప్పేముంది. కానీ మిత్రులారా, ఏదైనా పాత భాగం తీసేసి కొత్తది పెట్టేముందు, ఆ పాతది చెప్పకుండా ఇంకేం పనులు చేస్తోందో ఒకసారి చూడండి. కోడ్‌లో కూడా కమాన్లు ఉంటాయని మావయ్యే చెప్పాడు.