ఉప్పు తిన్న విశ్వాసము

గడచిన వేసవి సెలవులలో మా మేనకోడలు బెంగుళూరునుండి మదనపల్లెకు వచ్చి మాయింట పదునైదు దినము లుండెను. ఫోనులో అమెరికా దేశపు ధారావాహికములు చూచుట ఆ పిల్లకు మిక్కిలి ప్రీతి. ఒకనాడు మేము చింతపండులో గింజలు తీయుచుండగా చెంత గూర్చుండి యొక కథ చెప్పెను.

2013 మొదలు 2020 వఱకు ఏడు భాగములుగా వచ్చిన 'ఏజెంట్స్ ఆఫ్ షీల్డ్' అనుదానిలో లోకమును గాపాడు గూఢచారుల దండొకటి కలదట. అందు వార్డను యువకు డందఱకు నమ్మకస్థుడు. 2014లో వచ్చిన యొక భాగమున వాడు శత్రువులైన హైడ్రావారి మనిషి యని బయటపడెను. బాల్యమున చెఱలో నున్న వానిని తీసికొనిపోయి, విద్య నేర్పి, మనిషిని జేసినవాడు గారెట్టు. ఆ గారెట్టు మాటకై వార్డు తోడివారిని జంపెను; తన్ను నమ్మిన యిద్దఱిని సముద్రమున బడవైచెను. అంతట చూచువారు రెండు పక్షములైరి. ద్రోహి యని కొందఱు, కృతజ్ఞుడని కొందఱు నేటికిని వాదించుచున్నారట.

"అత్తా, పెంచినవానికి విశ్వాసముగా నుండుట తప్పా? నీవేమందువు?" అని యడిగెను.

మేము నవ్వి, "ఈ ప్రశ్న మన సీమకు క్రొత్తది గాదమ్మా. ఏటేట పందిళ్ల క్రింద చర్చించుచునే యున్నారు. రేపు పుంగనూరు దగ్గఱి పల్లెలో భారతమునకు పోవుదము, రమ్ము" అంటిమి.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో ద్రౌపదీ సమేత ధర్మరాజుల గుళ్లున్న యూళ్లలో భారతము జరుగుట సోదరీమణులలో ననేకు లెఱుగుదురు. ఎఱుగనివారికై రెండు మాటలు చెప్పెదము. సాధారణముగా 18 దినములు పగలు హరికథయు, రాత్రి వీధి నాటకమును నడచును. కుప్పము మూడు రాష్ట్రములు గలియుచోటగుటచే ఆ వైపున అరవమున నాడు మేళములును గలవు. అర్జునుడు పాశుపతమునకై తపస్సు చేయునాడు వేషధారి నిలువెత్తున బాతిన మాను నెక్కును. కడపటి దినమున నేలపై మట్టితో బెద్ద దుర్యోధన ప్రతిమను మలతురు. భీము డా ప్రతిమ తొడ విఱుగగొట్టును. ద్రౌపది జుట్టు ముడుచుకొనును. పిదప భక్తులు అగ్నిగుండము త్రొక్కుదురు.

మేము పోయిన దినమున హరిదాసుగారు ఉద్యోగపర్వపు కథ చెప్పుచుండిరి. రాయబారము చెడిన పిదప శ్రీకృష్ణుడు కర్ణునికి జన్మరహస్యము దెలిపి, పాండవులతో గలిసిన రాజ్యము నీదే యనుటయు, దుర్యోధనుని విడువనని కర్ణుడు నిరాకరించుటయు వినిపించి, మంగళము పాడిరి. ఇక పందిరి క్రింద ఆడువారి సభ మొదలయ్యెను.

కుప్పము వైపునుండి కూతురింటికి వచ్చిన యొక అవ్వ, "అన్నము పెట్టినవానిని విడిచిపోవునా? మగవాడన్న కర్ణుడే" అనెను. ఇంకొకామె, "అట్లయిన విభీషణుని సంగతి యేమి?" అనగా, మఱియొకతె, "ఇంటి గుట్టు లంకకు చేటు. రామునికి మంచివా డగుగాక, అన్నకు మంచివాడా?" అని నోరు మూయించెను. మా మేనకోడలికి మేము శల్యుని కథ చెప్పితిమి. పాండవులకు మేనమామయై యుండియు, దారిలో దుర్యోధనుడు చేసిన మర్యాదలకు లోబడి వాని పక్షమున జేరి, కర్ణునికి సారథియైనప్పుడు వాని ధైర్యము చెఱచెదనని ధర్మరాజునకు మాట యిచ్చినవాడు. "అయితే మన భారతములోను రెండు పక్షముల గూఢచారి కలడా!" యని పిల్ల యాశ్చర్యపడెను. అవ్వ మాత్రము 1977లో వచ్చిన 'దానవీరశూరకర్ణ' సినిమాను దలచుకొనెను. అందు రామారావుగారే కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు. "ఆ స్నేహము చూచిన పిమ్మట దుర్యోధనుని దిట్టుటకు నోరాడలేదమ్మా" అనెను.

చిన్ననాట తండ్రిగారు మాకు తిక్కనగారి యుద్యోగపర్వము చదివించునపుడు కర్ణునికై మేము కన్నీరు గార్చినవారము. అయినను ఆనాడు కర్ణుని పక్షమున మా నోట మాట రాలేదు. దానికి గారణము మాయింటనే యున్నది. మావారి యనుమతితోనే వ్రాయుచున్నాము.

మావారికి బాల్యముననే తండ్రి పోయెను. దూరపు బంధువగు నొక పెద్దమనిషి తన యింట నుంచుకొని, అన్నము పెట్టి, ఉపాధ్యాయ శిక్షణ ముగియువఱకు చదివించిరి. ఇప్పు డాయనయు మావారును ఒకే బడిలో పనిచేయుచున్నారు. ఆయన పై స్థానమున నున్నారు. మార్చి నెలలో మధ్యాహ్న భోజనమునకు 60 మంది పిల్లలు రాగా 85 అని వ్రాయించి, సంతకము చేయుమనిరి. మావారు చేసిరి. చేసిన రాత్రి కంచము ముట్టలేదు. ఏప్రిలు లెక్క సంతకమునకై వేచియుండెను. "నాకు అన్నము పెట్టినవాడు, కాదనుట యెట్లు?" అని మావారు రాత్రులు మేలుకొని యుండిరి. పందిరి క్రింద అవ్వ నోట ఆ మాటయే వినగా మాకు ఒడలు జల్లుమనెను.

అప్పుడు మాకు ఉద్యోగపర్వపు కర్ణుడు గాక ద్యూతసభలోని కర్ణుడు కన్నులకు గట్టెను. దుర్యోధనుని తమ్ముడై యుండియు వికర్ణుడు లేచి ఇది యధర్మమని పలుకగా, వానిని గద్దించినవాడు కర్ణుడే. ద్రౌపది వలువ లూడ్చుమన్నవాడును కర్ణుడే. దుర్యోధనుని విడిచిపొమ్మని ఆనాడు వాని నెవ్వ రడిగిరి? స్నేహితుడు గనుక, వలదని చేయి పట్టుకొనుట కంతకంటె దగినవా డెవ్వడు? వికర్ణుడు నిజము పలికి, అన్నలను వీడక, భీముని చేత మడిసెను. చంపిన భీముడే వానికై వగచెను. యుయుత్సుడు యుద్ధారంభమున ధర్మరాజు పిలుపునకు బదులుగా పక్షము మాఱి బ్రదికెను. వీరిలో నెవ్వ రధికులో వాదింపవచ్చును. ఇద్దఱును తప్పును తప్పని యెఱిగి నడచుకొన్నవారే.

ఋణము కర్ణునిది, ఆ సభలో దానిని జెల్లించినది ద్రౌపది. ఋణము వార్డుది; చెల్లించినవాడు సముద్రమున బడి మెదడు దెబ్బతిన్న మిత్రుడు. విశ్వాసమును బొగడునపుడు మన మీ మూడవవారిని మఱచుచున్నాము. మావారి ఋణమును పళ్లెము పట్టి వరుసలో నిలుచు పిల్లలపేర తీర్చుకొనుచుండిరి.

ఆ రాత్రి యింటికి వచ్చి మావారితో, "ఆయన ఋణము మీ జీతములో దీర్చుడు, మీ చాకిరిలో దీర్చుడు. ఆయన మంచమున బడిన నేనును సేవ చేసెదను. పిల్లల బియ్యములో మాత్రము తీర్పకుడు" అంటిమి. ఆయన చాలసేపు మాటాడలేదు. మఱునా డొంటరిగా ఆ పెద్దమనిషి యింటికే పోయి, పాదములకు నమస్కరించి, సంతకము చేయననియు, మార్చి లెక్కను తామే వ్రాసి సరిచేయుదుననియు జెప్పి వచ్చిరి. "తిన్న యింటి వాసములు లెక్కపెట్టుచున్నావురా" అని మాత్ర మాయన యనిరట. మార్చి లెక్కను సరిచేసినందుకు మావారికి మందలింపు కాగితము వచ్చెను. అది పెట్టెలో నున్నది. ఆ పెద్దమనిషి మా గడప త్రొక్కుట మానిరి. మొన్న ఆయనకు కాలు బెణికినపుడు మావారు రెండుపూటల బోయి కట్టుకట్టి వచ్చిరి. ఆయన మొగము త్రిప్పుకొనియే యుండిరి. లెక్క మాత్ర మిప్పుడు సరిగా నడచుచున్నది.

దుర్యోధన వధ నాడు మరల పోయితిమి. వధ ముగియగనే జనులు ప్రతిమ మట్టిని గుప్పెడు గుప్పెడుగా నెత్తుకొనిరి. గింజలలో నుంచిన మేలని వారి నమ్మకము. అవ్వ మా కొంగున గూడ చిటికెడు గట్టెను. "శత్రువు మట్టి యింటికెందుకు, అవ్వా?" అని మా పిల్ల యడిగెను. "వాడు చెడ్డవాడే, పాపా. అయినా పెట్టిన చేయి గదా" అని యామె బదులు చెప్పెను. ఆ మట్టి పొట్లము మా బియ్యపు డబ్బా క్రింద నున్నది.

బెంగుళూరు చేరిన పిదప మేనకోడలు ఫోను చేసెను. మొదటి భాగము చివర గారెట్టు చచ్చుననియు, ఆజ్ఞ యిచ్చువాడు లేక వార్డు దిక్కుతోచక నిలుచుననియు జెప్పి, "అత్తా, దుర్యోధనుడే ముందు పోయి కర్ణుడు మిగిలియుండిన నేమి చేసియుండును?" అని యడిగెను. మాకు బదులు తోచలేదు. సోదరీమణు లెవ్వరికైన దోచిన వ్రాయ గోరుచున్నాము.