ఉద్దానం వంటింట్లో ఉప్పు లెక్క

కాశీబుగ్గ దాటితే జీడి తోటలు, వాటి వెనక కొబ్బరి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను నేలకూల్చిన తోటల్లో రైతులు మళ్లీ మొక్కలు నాటుకున్నారు. ఈ ప్రాంతమే ఉద్దానం. ఆ పేరు వినగానే బయటివాళ్లకు గుర్తొచ్చేది మాత్రం కిడ్నీ జబ్బే. షుగరు లేని, బీపీ లేని రైతుల కిడ్నీలు కూడా ఇక్కడ ఎందుకు పాడవుతున్నాయో ఇన్నేళ్ల పరిశోధనల తర్వాతా పూర్తిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆస్పత్రి తెరిచారు. హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో మంచినీళ్లు తెచ్చారు. కారణాల మీద చాలామంది రాశారు. జబ్బు ముదిరి డయాలిసిస్ దాకా వచ్చినవాళ్లు రోజూ ఏం తింటున్నారో చూద్దామని నేను వెళ్లాను.

డయాలిసిస్ కేంద్రంలో మొదటి పని తూకం. చెప్పులు వదిలి, చేతిసంచి పక్కన పెట్టి, ఒక్కొక్కరూ కాటా ఎక్కుతున్నారు. ఒకప్పుడు కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపిన ఒకాయన వంతు వచ్చింది. ఒంట్లో అదనపు నీరేమీ లేనప్పుడు ఉండాల్సిన బరువును ఇక్కడ అందరూ డ్రై వెయిట్ అంటారు. ఆయనది 52 కేజీలు. కాటా 55 చూపించింది. కాళ్లు ఉబ్బి ఉన్నాయి. చీలమండ దగ్గర నర్సు బొటనవేలితో నొక్కి తీస్తే గుంట పడి, అది పూడడానికి చాలాసేపు పట్టింది.

“ఏటి మావయ్యా, మూడు కేజీలు మోసుకొచ్చావు. ఏటి తిన్నావు?”

“నీల్లు తాగనేదమ్మా. ఒట్టు.”

“నీళ్లు అడగలేదు. కూరేటి తిన్నావు?”

ఆయన కాసేపు ఊరుకుని, “ఎండు నెత్తళ్లు” అన్నాడు. ఆ నర్సు అడిగిన తీరు నాకు నచ్చింది. చాలాచోట్ల రోగికి నీళ్లు తగ్గించమనే చెబుతారు. మూత్రం వచ్చేదానికి అర లీటరు కలిపి అంతే తాగమంటారు. టీ, మజ్జిగ, గంజి, చారు అన్నీ అందులోనే. లెక్క సరైనదే గానీ, ఉప్పు తిన్నవాడికి ఆ మాట ఎలా నిలుస్తుంది? ఒంట్లో చేరిన సుమారు ఎనిమిది గ్రాముల ఉప్పు లీటరు నీటిని పట్టి ఉంచుతుంది. పనిచేసే కిడ్నీ అయితే ఎక్కువైన ఉప్పును మూత్రంలో పంపేస్తుంది. ఆ దారి మూసుకుపోయినవాడికి ఉప్పు రక్తంలోనే ఉండి దాహం పుట్టిస్తుంది. ఆ దాహాన్ని మనోబలంతో ఆపుకోమనడం అన్యాయమని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మూడు లీటర్లను నాలుగు గంటల్లో తీయాలి. 52 కేజీల మనిషికి అది గంటకు కేజీకి 14 మిల్లీలీటర్ల పైమాట. 13 దాటకూడదన్నది డాక్టర్లు సాధారణంగా పాటించే హద్దు. మూడో గంటలో ఆయనకు పిక్కలు పట్టేశాయి, బీపీ పడిపోయింది. టెక్నీషియన్ నీరు తీసే వేగం తగ్గించి, కాళ్లు ఎత్తు చేశాడు. ద్రావణంలో సోడియం పెంచితే కండరాల నొప్పి అప్పటికి తగ్గుతుంది గానీ ఇంటికెళ్లాక దాహం మరింత వేధిస్తుందని, అందుకే ఆ పని చేయనని అన్నాడు. ఇలా ప్రతి వారం నీరు చేరుతూ పోతే గుండె పెద్దదవుతుంది, రాత్రి పడుకుంటే ఊపిరాడదు.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఈ ఇళ్లల్లో పొద్దున చోడి అంబలి, మధ్యాహ్నం అన్నం. కూరగాయలు కొనలేని రోజున ఊరగాయ బద్దో, ఎండు చేప ముక్కో నంజుకుంటే ముద్ద దిగుతుంది. ఉప్పు తగ్గించమంటే వీళ్లకు కూరే మానేయమన్నట్టు. నౌపడ ఉప్పు మళ్లు ఇక్కడికి దగ్గరే, చవక సరుకుల్లో మొదటిది ఉప్పు. డబ్బు లేని ఇంట్లో రుచి అంటే అదే.

అయినా ఆమె దారి కనిపెట్టుకుంది. బీరకాయ కూర ఉప్పు లేకుండా వండి, ఆయన వాటా గిన్నెలోకి తీసి, మిగతా దాంట్లో ఉప్పు వేసింది. ఆయన ముక్కల మీద దంచిన మిరియం, వెల్లుల్లి, నాలుగు చుక్కల నిమ్మరసం. చివర్లో రెండు వేళ్లతో పట్టినంత ఉప్పు కంచం అంచున పెట్టింది. కూరలో ఉడికించిన ఉప్పు కన్నా నాలుకకు నేరుగా తగిలే ఉప్పు తక్కువైనా సరిపోతుందన్నది ఆమె లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలు మనిషికే రోజుకు 5 గ్రాముల లోపు ఉండాలంటోంది, అంటే ఒక టీ చెంచాకు తక్కువే.

“మొదట్లో కంచం తోసేసేవోడు బావూ. ఇప్పుడు అలవాటైపోనాది. చుట్టాలొచ్చిన్నాడే తంటా. ఆళ్లకి సేసిన ఎండు చేప వాసనకి ఆగలేడు” అంది. నాలుక నిజంగానే కొన్ని వారాల్లో మళ్లుతుంది.

ఊళ్లో ఎవరో చెబితే లో సోడియం ఉప్పు పొట్లం కొని తెచ్చారు. అది చూసి నాకు భయం వేసింది. సోడియం తగ్గించిన ఆ ఉప్పుల్లో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. డయాలిసిస్ రోగి రక్తంలో పొటాషియం పెరిగితే గుండె ఆగిపోవచ్చు. తోటలో ఊరికే దొరికే కొబ్బరి నీళ్లు మానమనేదీ అందుకే. సైంధవ లవణం మంచిదని మరొకరు చెప్పారట. అదీ సోడియం క్లోరైడే. డాక్టరు చెప్పకుండా ఉప్పు మార్చవద్దని ఆమెకు చెప్పి, ఆ పొట్లం విషయం నర్సుకు ఫోన్‌లో చెప్పాను.

డయాలిసిస్ రోజున తెల్లారే ఆటోలో బయలుదేరి దారిలో హోటల్లో ఇడ్లీ, చట్నీ తింటారు. ఆ ఉప్పు ఈ ఇల్లాలి చేతిలో లేదు. కేంద్రంలోనే ఆ పూటకు ఉప్పు తక్కువ టిఫిను పెడితే ఎంత మేలు! ఆహార సలహా ఇచ్చేటప్పుడు రోగితో పాటు వండే మనిషిని కూడా పిలిచి కూర్చోబెట్టాలి. ఆమె ఇన్నేళ్లలో ఒక్కసారీ డయాలిసిస్ కేంద్రం లోపలికి వెళ్లలేదు, బయట చెట్టు కింద కూర్చుని వచ్చేసేది.

నేను లేవబోతుంటే ఆమె ఇంకో సంగతి అడిగింది. పాతికేళ్ల కొడుకు ఎండలో తోట పనికి వెళ్తాడు. నాన్నకు నీళ్లు కొలిచి పోస్తుంటే చూసి, తనకూ అదే మంచిదేమోనని వాడూ తాగడం తగ్గించేశాడట. నర్సుకు మళ్లీ ఫోన్ చేసి ఆమెకే ఇచ్చాను. అవతల నర్సు గట్టిగా చెప్పడం నాకూ వినబడింది. “వద్దత్తా, ఆడికి తగ్గించకు. పనికెళ్లేటప్పుడు క్యాన్ నిండా నీళ్లివ్వు. సోమవారం మావయ్యతో పాటు తోలుకురా, క్రియాటినిన్ పరీక్ష చేయిద్దాం. నువ్వు కూడా లోపలికి రా.”