అగ్గి తిన్న సున్నపురాయి

పిల్లలూ, మీరెప్పుడైనా ఒకరికి దొంగతనం అంటగట్టారా? నేను అంటగట్టాను. అప్పుడు నేను తొమ్మిదో తరగతి.

మాది పల్నాడు. అక్కడ సున్నపురాయికి కొదవ లేదు. మా నాన్నగారు ఇల్లు కట్టబోతూ 500 కిలోల రాయి కాటా వేయించి, ఊరిచివరి బట్టీకి పంపారు. సున్నం వచ్చిన రోజున నేనే దగ్గరుండి తూయించాను. 290 కిలోలే! పరుగున వెళ్లి, "బట్టీ తాత 210 కిలోలు కాజేశాడు!" అని చెప్పాను. నాన్నగారు కూలి డబ్బు ఆపేశారు.

"అగ్గి తినేసిందయ్యా! ఎప్పుడూ ఇంతే," అని తాత ఎంతో మొత్తుకున్నాడు. మేము నవ్వాం. అగ్గి ఎక్కడైనా రాయిని తింటుందా?

వారం తిరక్కుండానే మా సైన్సు మాస్టారు నల్లబల్ల మీద ఒక సమీకరణం రాశారు. కాల్షియం కార్బొనేట్‌ను బాగా కాలిస్తే కాల్షియం ఆక్సైడ్, కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. మొదటిది సున్నపురాయి, రెండోది సున్నం, మూడోది గాలిలో కలిసిపోయే వాయువు. పరమాణువుల లెక్క అటూ ఇటూ సరిపోవాలి. ఇక్కడ ఒక కాల్షియం, ఒక కార్బన్, మూడు ఆక్సిజన్లు, అక్కడా అంతే.

ఇక బరువులు చూడండి. కాల్షియం 40, కార్బన్ 12, ఆక్సిజన్ ఒక్కొక్కటి 16. రాయికి 40, 12, 48 కలిపితే 100. సున్నంలో ఉన్నది ఒక కాల్షియం, ఒక ఆక్సిజనే కనుక 56. మిగతా 44 వాయువు. కిలోలైనా, గ్రాములైనా ఇదే పాలు. మా 500 కిలోలకు? 56ను 5తో హెచ్చవేస్తే 280!

నాకు చెమటలు పట్టాయి.

ఇంటికి వెళ్లి లెక్క చూపాను. నాన్నగారు రెండుసార్లు కూడి చూసుకుని, "మరి 10 కిలోలు ఎక్కువ వచ్చిందేం? ఇసుక కలిపాడా?" అన్నారు. (అనుమానం ఒక పట్టాన పోదు కదా!) నా దగ్గర జవాబు లేదు.

తాతను పిలిపించారు. అతను మారుమాట లేకుండా సున్నం మీద నీళ్లు పోశాడు. అది కుతకుత ఉడికి ముద్దయింది. కొన్ని గడ్డలు మాత్రం ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. ఒకదాన్ని పగలగొట్టి చూపాడు. లోపల పచ్చిరాయి! కాలని రాయి బరువు తగ్గదు మరి.

నాన్నగారు కూలి అక్కడికక్కడే ఇచ్చేశారు. నేను తల వంచుకుని నిలబడ్డాను. తాత డబ్బు రొంటిని దోపుకుని, "అగ్గి ఎంత తింటుందో పుస్తకంలో కూడా రాశారా, అబ్బాయీ?" అని అడిగాడు.

"నూటికి 44, తాతా," అన్నాను.