రాస్తే పాడుతుంది... మరి మనసు?

సాయంత్రం ఐదున్నర. సికింద్రాబాద్‌లో ఓ పాత ఇంటి ముందుగది. పియానో పక్కన స్టూలు మీద పదకొండేళ్ల కుర్రాడు. ఒళ్లో పుస్తకం లేదు, ట్యాబ్ ఉంది. తెర మీద ఐదు గీతలు. తెల్లటి పెన్సిల్‌తో వాటి మధ్య ఓ నల్లచుక్క పెట్టి, దానికో తోక గీశాడు. దాని పక్కన ఇంకోటి, ఆ పక్కన మరోటి. అచ్చం కోడి గెలికినట్టుంది రాత. నాలుగు చుక్కలయ్యాక పెన్సిల్‌తో పక్కన తట్టాడు. అంతే! వంకర గీతలన్నీ సర్దుకుని, అచ్చేసిన పుస్తకంలోలా ముత్యాల వరసైపోయాయి. ప్లే నొక్కితే వయొలిన్ పలికింది.

'మిస్, విన్నారా? నేను రాసిందే!'

ముప్ఫై ఏళ్లుగా పిల్లలకు పియానో నేర్పుతున్న ఆ టీచరమ్మ విన్నారు. ముచ్చటపడ్డారు కూడా. కానీ చేతిలో ఉన్న ఎర్రపెన్ను కేసి ఓసారి చూసుకున్నారు. ఇక దీనికేం పని?

పాశ్చాత్య సంగీతం నేర్చుకునే పిల్లలకు ఆ ఐదు గీతలే అక్షరాభ్యాసం. గీతల మీద సంగీతం రాసే పద్ధతికి వెయ్యేళ్ల కిందట ఓ దారి చూపించింది ఇటలీకి చెందిన గైడో అనే క్రైస్తవ సన్యాసి. పాటలు కంఠస్థం చేయించడానికి ఏళ్లకేళ్లు పడుతోంటే, చూసి పాడగలిగేలా చేయాలన్నది ఆయన తాపత్రయం. కంప్యూటర్లు వచ్చాక 1988లో ఫినాలే, 1993లో సిబెలియస్ లాంటి సాఫ్ట్‌వేర్లు స్వరాలను చక్కగా అచ్చువేసి పెట్టడం మొదలెట్టాయి. అయితే వాటిలో చేతిరాతకు చోటులేదు. ఏ స్వరం ఎంతసేపు పలకాలో ముందు ఎంచుకోవాలి, తర్వాత మౌస్‌తోనో కీబోర్డుతోనో దాన్ని గీత మీద పెట్టాలి. పెద్దవాళ్లకే తలనొప్పి, ఇక పిల్లల సంగతి చెప్పేదేముంది!

పెన్నుతో రాస్తే కంప్యూటర్ చదవాలన్న ఆలోచన కొత్తదేం కాదు. న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయం పరిశోధకులు 1996లోనే అలాంటి ప్రయత్నం చేశారు. అది మామూలు వాళ్ల చేతికి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. స్టాఫ్‌ప్యాడ్ అనే యాప్ 2015లో విండోస్ ట్యాబ్లెట్లకు, 2020లో ఐప్యాడ్‌కు వచ్చింది. ఆ కుర్రాడి ట్యాబ్‌లో ఉన్నది అదే.

మొదట్లో టీచరమ్మకు అది నచ్చింది. కారణముంది. ఈ కుర్రాడు హోంవర్కు రాయమంటే కడుపునొప్పి అనేవాడు. ట్యాబ్ వచ్చాక అడక్కపోయినా రెండు పేజీలు రాసుకొస్తున్నాడు. నాలుగు లెక్కలు ఉండాల్సిన బార్‌లో ఐదు ఇరికిస్తే ఎక్కడో తేడా కొట్టిందని అక్కడికక్కడే తెలిసిపోతోంది. ఇంకో లాభం కూడా ఆవిడ కనిపెట్టారు. పియానో మీద ఎఫ్ షార్ప్‌కీ, జి ఫ్లాట్‌కీ ఒకటే నల్లమెట్టు. మెట్టు నొక్కి స్వరాలను ఎక్కించే పద్ధతిలో అది ఈ రెండింటిలో ఏదో కంప్యూటరే ఊహించాలి. చేత్తో రాసేటప్పుడు అలా కుదరదు. ఏ గుర్తు పెట్టాలో పిల్లాడే తేల్చుకోవాలి. అంటే పెన్సిల్ పట్టుకున్నంతసేపూ ఆలోచించక తప్పదన్నమాట.

అన్నీ బాగానే ఉన్నాయనుకుంటుండగా ఓ రోజు కరెంటు పోయింది. ట్యాబ్‌లో ఛార్జింగ్ కూడా అడుగంటింది. 'పోన్లే నాన్నా, పుస్తకంలో రాయి' అన్నారామె. రాశాడు. నడిమి గీతకు పైనున్న చుక్కలకు తోకలు కిందికి ఉండాలి, కిందనున్న వాటికి పైకి. వాడివి అన్నీ పైకే ఉన్నాయి. ఎన్నాళ్లుగానో యాప్ దిద్దిపెడుతుంటే తన తప్పేంటో వాడికి తెలిసే అవకాశమేదీ? అయినా టీచరమ్మ దానికంత బాధపడలేదు. 'ఇప్పుడు నువ్వు రాసింది పాడు' అన్నారు.

వాడు నోరు తెరిచాడు. స్వరం రాలేదు.

'మిస్, ప్లే నొక్కితే కదా తెలిసేది!'

ఆ మాట ఆవిడకు ముల్లులా గుచ్చుకుంది. ఇన్నాళ్లూ వాడు చేసిందేంటో అప్పుడర్థమైంది. చుక్క పెట్టడం, నొక్కి వినడం, బాగోకపోతే పైకో కిందికో జరపడం. రాయడానికి ముందే రాగం మనసులో మోగాలన్నది వాడికి తెలీదు. తెలియాల్సిన అవసరం ఇప్పటిదాకా రాలేదు.

ఆవిడ వాడికో కథ చెప్పారు. జర్మనీలో తల్లీతండ్రీ లేని ఓ పిల్లాడు అన్నయ్య ఇంట్లో పెరుగుతుండేవాడు. అన్నయ్య అలమారలో దాచిన సంగీతం పుస్తకాన్ని రాత్రిళ్లు రహస్యంగా తీసి, దీపం కూడా లేక వెన్నెల్లో ఆరు నెలలపాటు నకలు రాసుకున్నాడట. చివరికి అన్నయ్య చూసి ఆ నకలూ లాగేసుకున్నాడు. కానీ వేళ్లతో రాసి మనసుకెక్కించుకున్నదాన్ని ఎవరు లాక్కోగలరు? ఆ పిల్లాడే బాఖ్.

'ఆయనకు ప్లే బటన్ లేదా మిస్?'

'ఉంది. ఇక్కడ' అని వాడి నుదుటి మీద వేలు పెట్టారు.

మర్నాటి నుంచి కొత్త నియమం. ట్యాబ్ మానెయ్యక్కర్లేదు. కానీ ముందు రాయాలి, తర్వాత పాడాలి, ఆ తర్వాతే ప్లే నొక్కాలి. తన గొంతూ, యంత్రం గొంతూ ఎక్కడ వేరయ్యాయో వాడే పట్టుకోవాలి. వారానికొకసారి కాగితం మీద రాత తప్పనిసరి. ఎర్రపెన్నుకి మళ్లీ పనిపడింది. ట్యాబ్ కొనలేని మరో ఇద్దరు పిల్లలు కూడా ఆ రోజు అందరితోపాటు కాగితమే పట్టుకుంటారు. అదీ ఆవిడకో తృప్తి.

ఈ నియమం సంగతి ఇంట్లో చెబితే, నాయనమ్మ నవ్వి ట్రంకుపెట్టెలోంచి తన వీణ పాఠాల పుస్తకం తీశారు. సరిగమలు, పైస్థాయికి పైన చుక్క, కిందిస్థాయికి కింద చుక్క, సాగదీతకు కామాలు. 'మీ ట్యాబ్ ఇది చదువుతుందిరా?' అనడిగారు. చదవదు. దానికి తెలిసింది ఐదు గీతల భాషే. సుబ్బరామ దీక్షితులు 1904లో తెలుగు లిపిలో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అచ్చువేయించినప్పుడు గమకాలకు ప్రత్యేకంగా గుర్తులు పెట్టారు. అంత శ్రమపడి రాసినా, తోడిలో గాంధారం ఎలా ఊగాలో గురువు పాడితే విని నేర్చుకోవాల్సిందే. కాగితమైనా, తెరైనా దారి చూపిస్తాయి తప్ప నడిచిపెట్టవు.

మొన్న క్లాసులో ఆ కుర్రాడు నాలుగు బార్లు రాశాడు. కళ్లు మూసుకుని సన్నగా పాడుకున్నాడు. మూడో బార్ దగ్గర ఆగి, ఓ స్వరం చెరిపి కింది గీత మీదికి దించాడు. మళ్లీ పాడుకున్నాడు. తల ఊపాడు.

'ఏంటి, ప్లే నొక్కవా?' అన్నారు టీచరమ్మ.

'అక్కర్లేదు మిస్, వినేశాను' అన్నాడు.