గుప్పెడు బియ్యం

ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి పక్క డబ్బాలో వేయడం మా ఇళ్లల్లో ఆడవాళ్లకు చేతికి అలవాటైన పని. ఆదివారం ఆ బియ్యం గుడ్డసంచిలో మందిరానికి చేరేవి. అందులో పాస్టరు అయ్యగారి ఇంట్లో వండుకునేవి కొన్ని, ఊళ్లో పేదవాళ్లకు పోయేవి కొన్ని. "అమ్మాయ్, గుప్పెడు తీశావా?" అని మా మామ్మ కేకేస్తే అమ్మ నోటితో బదులు చెప్పేది కాదు, డబ్బా మూత చప్పుడు చేసేది. బస్తా అడుగంటిన రోజుల్లోనూ ఆ చప్పుడు వినపడేది. విశ్వాసం ఇచ్చే సంతోషం అనగానే నాకు ఏ ప్రసంగం కన్నా ముందు అదే గుర్తొస్తుంది.

పంట పండితేనో, ఉద్యోగమొస్తేనో సంతోషం వస్తుందని మనం దాని కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాం. మామ్మ ఎదురుచూసేది కాదు. రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆ రోజు అందినవన్నీ పేరుపేరునా చెప్పేది. బావిలో నీళ్లున్నందుకు స్తోత్రం, గేదె సుఖంగా ఈనినందుకు స్తోత్రం, పిల్లాడు ఆఖరి బస్సు దిగి ఇల్లు చేరినందుకు స్తోత్రం. మేము పట్టించుకోకుండా దాటేసిన రోజు మొత్తం ఆవిడ నోట మళ్లీ మాకు దక్కేది. నిద్రకళ్లతో వింటున్నా, ఇన్ని జరిగాయా ఇవాళ అనిపించేది.

మాది ఒంగోలు వైపు. 1876-78 కరువులో ఇక్కడి మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్లు కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని చూపించారు. తిండి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశారు. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అందరూ ఆ అంకె చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ సాయంత్రం వాళ్లు ఇళ్లకు వెళ్లి వండుకున్న పిడికెడు గింజల మీద చేసిన ప్రార్థన ఎలా ఉండి ఉంటుందా అనిపిస్తుంది. మెతుకు విలువ తెలిసిన నోటి నుంచి వచ్చే స్తోత్రం వేరు.

నమ్ముకుంటే కష్టాలే రావని చెప్పే బోధ ఈమధ్య గట్టిగా వినపడుతోంది. అది నాకు మింగుడుపడదు. పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక నాలుగే అధ్యాయాలు, నిండా సంతోషమే. రాసిన మనిషి మాత్రం సంకెళ్లలో ఉన్నాడు. అసలు ఆ ఉత్తరం వెనక ఉన్నది ఒక కానుక. ఫిలిప్పీలోని పేద సంఘం ఎపఫ్రొదితు అనే మనిషి చేత పంపింది, తెచ్చినవాడు జబ్బుపడి చావు దాకా వెళ్లి బతికాడు. ఆ మనిషి కోలుకున్నందుకూ పౌలు సంతోషిస్తాడు, తనను తలుచుకున్నందుకూ సంతోషిస్తాడు. ఇచ్చినవాళ్ల లేమి ఆయనకు తెలుసు. అందుకే ఆ కృతజ్ఞతలో అంత ఆర్తి.

ఆ ఆర్తి కళ్లారా చూడాలంటే మా కోత పండుగకు రావాలి. వేదిక ముందు కొత్త వడ్లు, కందులు, సొరకాయలు, గంపలో గుడ్లు, కాళ్లు కట్టేసిన కోడిపుంజు. ఆరాధన కాగానే వేలంపాట మొదలవుతుంది. సంతలో తక్కువకే దొరికే గుమ్మడికాయ మీద పాట వందలు దాటిపోతుంది. కూలికెళ్లే అక్క ఒకామె ఎవ్వరికీ తగ్గదు. "మూడోసారి!" అనగానే కాయ ఆమె చేతికొస్తుంది. కొంగులో ముడి విప్పి డబ్బు కడుతుంది, కాయను కళ్లకద్దుకుంటుంది, మళ్లీ తెచ్చి వేదిక దగ్గరే పెడుతుంది. "ఇంకోసారి పాడండి అయ్యగారూ, దేవుడికే!" అంటుంది. పందిరంతా చప్పట్లు. వెనక వరసలోంచి ఎవరో అప్పుడే కొత్త పాట అందుకుంటారు.